గడువులోపలి నేరం

భ్రమరాంబ చేసిన తప్పు చిన్నదేం కాదు. కోర్టుకు ఇవ్వాల్సిన జవాబు సాక్ష్యాన్ని, గడువు ఇంకా రెండు రోజులు ఉండగానే పట్టుకెళ్ళి ఇవ్వబోయింది.

ఆవిడను పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. ముప్ఫై ఏళ్ళుగా మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తున్న మనిషి. ఆ ఉద్యోగంలో మాత్ర నీళ్ళలో పడిన నిమిషాన్ని పడిన నిమిషంలోనే పుస్తకంలో రాసి, పక్కన సంతకం పెట్టాలి. తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే అది అబద్ధం కిందే లెక్క. నిన్నటి తేదీ వేసి రాస్తే ఉద్యోగమే ఉండదు. ఈ అలవాటు ఆవిడకి ఒంట్లో దిగిపోయింది. పెళ్ళిళ్ళకు కూడా శుభలేఖలో వేసిన వేళకే వెళ్ళి, ఇంకా షామియానా కడుతున్నవాళ్ళకు తాడు పట్టుకున్న సందర్భాలున్నాయి. ఇలాంటి మనిషిని కోర్టుకు పంపేముందు కంపెనీవాళ్ళయినా ఒక్కసారి ఆలోచించాల్సింది.

కోర్టంటే మామూలు కోర్టు కాదు. మందుల పేటెంట్ల తగాదాలు మాత్రమే వినడానికి పెట్టిన ప్రత్యేక ధర్మాసనం. కొత్తలో అది చాలా కఠినంగా ఉండేదట. ఒకసారి ఎవరో ఒక్కరోజు ఆలస్యంగా సాక్ష్యం తెస్తే పుచ్చుకోకుండా వెనక్కి పంపింది. పైకోర్టు గట్టిగా చీవాట్లు పెట్టి, ఆలస్యమైందన్న వంకతో న్యాయం తలుపు వేసుకోరాదని రాసింది. ఆ చీవాట్లు ధర్మాసనం మనసుకు బాగా పట్టాయి. అప్పటినుంచి ఆలస్యంగా వచ్చే సాక్ష్యాలను ఆదరించడానికి ఒక విభాగం వెలిసింది. దానికొక సూపరింటెండెంటు, నలుగురు గుమాస్తాలు, ఆలస్య మన్నింపు పిటిషన్ కోసం ఏడో నంబరు ఫారం వచ్చాయి. ఎన్ని రోజులు ఆలస్యం, ఎందుకు, అందుకు రుజువేమిటి, ఆ రుజువుకు అవతలివారి జవాబేమిటి అని అందులో గళ్ళు. ఆ విభాగం ఏటా వార్షికోత్సవం కూడా జరుపుకునేది, అనుకున్న తేదీకి నెల తర్వాత.

ఇక తగాదా సంగతి. చేతులు వణికే జబ్బుకు ఒక మాత్ర ఉంది. పైనున్న పొర వల్ల ఇరవైనాలుగు గంటలూ కొద్దికొద్దిగా కరుగుతుంది కాబట్టి రోజుకొకటి వేసుకుంటే చాలు. ఆ పొరను మేమే కనిపెట్టామని ఒక పెద్ద విదేశీ కంపెనీ పేటెంటు తీసుకుంది. భ్రమరాంబ పనిచేసే శ్రీ కపర్ది ఫార్ములేషన్స్ జీడిమెట్లలో ఓ చిన్న కంపెనీ. ఆ పొర కొత్తదేమీ కాదనీ, పాత పాఠ్యపుస్తకంలోనే ఉందనీ చెప్పి, అదే మాత్రను నాలుగో వంతు ధరకు అమ్మడానికి సిద్ధపడింది. పెద్ద కంపెనీ పరుగున వెళ్ళి ఇంజంక్షన్ తెచ్చుకుంది. సాక్ష్యాలన్నీ వచ్చి విచారణ ముగిసేదాకా చిన్న కంపెనీ ఒక్క మాత్రయినా అమ్మకూడదు. ఆ నిషేధాన్ని ఆరేసి నెలలకోసారి పొడిగిస్తూ ఉండాలి.

పెద్ద కంపెనీ తరఫున ఒక విదేశీ ప్రొఫెసరు ప్రమాణం చేసి సాక్ష్యమిచ్చాడు. పాత పుస్తకంలో చెప్పినట్టు పొర వేస్తే మాత్ర నాలుగు గంటల్లో కరిగిపోతుందన్నాడు. ఈ నాలుగు గంటల సంగతి చెప్పడానికి ఆయన పదకొండు నెలలు ఆలస్యం చేశాడు. ఆయన పెట్టె విమానం మారి ఇంకో దేశం వెళ్ళిందనీ, అది వెతుక్కుంటూ ఆయనా వెళ్ళాడనీ, అక్కడ ఒక సదస్సులో చిక్కుకుపోయాడనీ ఏడో నంబరు ఫారంలో రాశారు. ధర్మాసనం చదివి జాలిపడి మన్నించింది. దానికి జవాబివ్వమని చిన్న కంపెనీకి పద్నాలుగు రోజులిచ్చింది.

భ్రమరాంబ మర్నాడే పరీక్ష మొదలుపెట్టింది. పాత పుస్తకం ప్రకారం పొర వేసిన మాత్రలను ఆరు గాజు పాత్రల్లో వేసి, గంటగంటకీ నీటి నమూనా తీసి, ఎంత మందు కరిగిందో చూసింది. తొమ్మిది రోజుల్లో మూడుసార్లు చేసింది. మూడుసార్లూ మాత్ర పూర్తిగా కరగడానికి ఇరవైనాలుగు గంటలు పట్టింది. ప్రొఫెసరుగారి నాలుగు గంటలు ఎక్కడా కనిపించలేదు. ఆ కాగితాలు కోర్టు చూస్తే పేటెంటు నిలవదు.

ఆవిడ తొందరకి ఇంకో కారణం చీరాలలో ఉంది. ఆవిడ అక్క రాజ్యం డ్రాయింగు టీచరుగా చేసి రిటైరైంది. ఇప్పుడు టీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకోవాలి. ఆ పెద్ద కంపెనీ మాత్రే వాడుతోంది. ధర తట్టుకోలేక బావగారు దాన్ని అడకత్తెరతో రెండు ముక్కలు చేసి, పూటకో ముక్క కాదు, రోజుకో ముక్క ఇస్తున్నాడు. ముక్కలు చేస్తే పొర తెగుతుంది. పొర తెగితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. ఈ సంగతి దేశంలో భ్రమరాంబ కంటే బాగా తెలిసినవాళ్ళు అరుదు. అలా చెయ్యొద్దని ఫోనులో పోరితే అక్క నెమ్మదిగానే చెప్పింది.

"ఏం చెయ్యమంటావే? సగమేసుకుంటే పొద్దున కళ్ళు తిరుగుతన్నయ్యి, సాయంత్రానికి చేతులు ఆడుతన్నయ్యి. అసలెయ్యకపోతే రోజంతా ఆడుతన్నయ్యి. మీ మాత్ర ఎప్పుడొచ్చిద్దో చెప్పు, అందాకా ఓర్చుకుంటా."

పన్నెండో రోజున భ్రమరాంబ కాగితాల కట్ట చంకన పెట్టుకుని రిజిస్ట్రీ కిటికీ ముందు నిలబడింది. ఏ కాగితమైనా ఇప్పుడు ఆలస్య విభాగమే పుచ్చుకుంటుంది. దాని సూపరింటెండెంటు యాదగిరి కట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. కింద చూశాడు, వెనక చూశాడు. మంచి మనిషి, ఎవరినీ కసురుకునే రకం కాదు.

"అమ్మా, ఏడో నంబరు ఫారం ఏది?"

"ఆలస్యం లేదండీ. ఎల్లుండిదాకా గడువుంది."

"లేకపోతే మేం దేన్ని మన్నించాలె? ఆలస్యమైన దినాల గడిల సున్నా ఏస్తే కంప్యూటర్ ముందుకు పోతలేదు. ఒకటి నుంచే తీసుకుంటది. జర పదిహేను దినాలు ఆగి రాండ్రి, మంచిగ తీసుకుంట."

ఆవిడ వెనక లైన్లో నిలబడ్డవాళ్ళు ఏం గొడవని తొంగి చూశారు. ఎవరో గడువులోపల తెచ్చారట అని ఒకరికొకరు చెప్పుకున్నారు. పాపం మొదటిసారేమో అని ఒక పెద్దాయన జాలిపడ్డాడు. భ్రమరాంబకు తల కొట్టేసినట్టయింది.

కంపెనీ వకీలు కోదండపాణి కూడా పదిహేను రోజులు ఆగడమే మేలన్నాడు. ఆవిడ ససేమిరా అంది. ఆలస్యం కానిదాన్ని అయిందని ఎలా రాస్తాను, ఆ కాగితం కింద నా సంతకం ఉంటుంది కదా అంది. కోదండపాణికి వకీలుగా పాతికేళ్ళ అనుభవం. ఇన్నేళ్ళలో ఇలాంటి ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. రెండు రోజులు ఆలోచించి, ఆలస్యం లేకపోవడాన్ని మన్నించవలసిందని ఒక పిటిషన్ తయారుచేశాడు. అచ్చుకొట్టించాక దాన్ని తనే మళ్ళీ మళ్ళీ చదువుకుని మురిసిపోయాడు.

విచారణ రోజున పెద్ద కంపెనీ తరఫున ఢిల్లీ నుంచి సీనియరు న్యాయవాది దిగాడు. ఆయన కోటు చేతులు సర్దుకుంటూ తీవ్రమైన అభ్యంతరం చెప్పాడు. మేం పదకొండు నెలలు ఆలస్యం చేశాం, వీళ్ళు అసలు చెయ్యలేదు, వీళ్ళు చెయ్యాల్సిన ఆలస్యంలో మేం సిద్ధం కావాలనుకున్నాం, ఆ అవకాశాన్ని కుట్రపూరితంగా లాగేసుకున్నారు అని వాదించాడు. పైగా భ్రమరాంబ శుక్రవారం పొద్దున రిజిస్ట్రీకి వచ్చిన సమయానికి తమ ప్రధాన కార్యాలయం ఉన్న దేశంలో ఇంకా గురువారమేననీ, అంటే ఆ జవాబు పుట్టాల్సిన రోజుకంటే ముందే పుట్టిందనీ కూడా చెప్పాడు.

న్యాయమూర్తిగారు కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత ఉత్తర్వు చెప్పి రాయించారు.

"న్యాయము తులాదండము వంటిది. ఒక పళ్ళెమున పదకొండు నెలలు, వేరొక పళ్ళెమున శూన్యము ఉండుట ఈ ధర్మాసనమునకు సమ్మతము కాదు. ప్రతివాదికి సమానమైన ఆలస్యపు హక్కు కలదు. హక్కును వినియోగించుకొనని వారు తగిన కారణము చూపవలెను. గడువులోపల వచ్చిన ఏ కాగితమైనను, ఆలస్యము లేదని సాక్ష్యముతో రుజువగు వరకు, దాఖలైనట్లు కాదు."

అంటే భ్రమరాంబ ఇప్పుడు మాత్ర గురించి కాదు, ఆలస్యం కాకపోవడం గురించి అఫిడవిట్ ఇవ్వాలి. దానికి పెద్ద కంపెనీ జవాబిస్తుంది. ఆవిడ పరీక్షల కాగితాలు అందాకా రిజిస్ట్రీ బీరువాపైన, బీరువా లోపల కాదు, పైన ఉంటాయి. లోపల పెడితే దాఖలైనట్టవుతుందని యాదగిరి వివరించాడు.

ఆవిడ అఫిడవిట్ రాసింది. పది రోజుల గడువిస్తే తొమ్మిదో రోజున తెచ్చింది. కోదండపాణి నెత్తి పట్టుకున్నాడు. ఆవిడకూ తను చేసిన పని కిటికీ దగ్గరికొచ్చాకే తెలిసింది. అలవాటు, ఏం చేస్తుంది? ఢిల్లీ సీనియరు ఈసారి గొంతు పెంచాడు. ఇది పొరపాటు కాదనీ, ఈవిడ పదేపదే గడువులోపల వచ్చే స్వభావం కలదనీ, న్యాయవ్యవస్థ నడకకే ఇది ప్రమాదమనీ అన్నాడు. తమ జవాబు మాత్రం నాలుగు నెలల తర్వాత ఇచ్చాడు. కాలమానాల నిపుణుడు తీర్థయాత్రలో ఉన్నాడని కారణం రాశారు. అది అదే రోజు దాఖలైపోయింది.

ధర్మాసనం ఒక కమిటీని వేసింది. ఈమె ఇన్నిసార్లు గడువులోపల ఎలా రాగలుగుతున్నదో పరిశీలించి నివేదించాలి. ముగ్గురు సభ్యులు జీడిమెట్ల వచ్చారు. పదింటికి వస్తామని కబురు పెట్టి రెండున్నరకు దిగి, భోజనం అడిగారు. తిన్నాక ప్రయోగశాలంతా కలియతిరిగారు. పుస్తకాల్లో ప్రతి పని పక్కనా గంట, నిమిషం రాసి ఉండటం చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గోడమీది గడియారం సరిగ్గా తిరుగుతోందా అని అడిగారు. నెలకోసారి సరిచూస్తామని భ్రమరాంబ గర్వంగా చెప్పి, సరిచూసిన పట్టిక కూడా చూపించింది. సభ్యుల్లో పెద్దాయన తల పంకించి, నేరసాధనం దొరికినట్టు నోట్ చేసుకున్నాడు. గడియారాన్ని విప్పించి, గుడ్డలో కట్టించి, సీలు వేయించి పట్టుకుపోయారు. మూడు నెలలకు నివేదిక ఇస్తామన్నవాళ్ళు ఎనిమిది నెలలకు ఇచ్చారు. ఆలస్యంగా వచ్చింది కాబట్టి దాన్ని ఏ ఇబ్బందీ లేకుండా పుచ్చుకున్నారు.

ఈలోగా నిషేధం ఆరేసి నెలల చొప్పున మూడుసార్లు ముగిసింది. మూడుసార్లూ పెద్ద కంపెనీవాళ్ళు ముగిసిన రెండు నెలలకు తీరిగ్గా వచ్చి పొడిగించమన్నారు. ఏడో నంబరు ఫారం చక్కగా నింపారు. ధర్మాసనం మన్నించి, ఆ రెండు నెలలు కూడా నిషేధం ఉన్నట్టే భావించాలంది. మధ్యలో అమ్ముకుందామంటే చిన్న కంపెనీకి ధైర్యం చాలలేదు.

ఒక ఉదయం బావగారు ఫోన్ చేశాడు. అక్క చేతిలో సల సల కాగే టీ గిన్నె జారి పాదం మీద పడిందట. పొక్కులు లేచాయట. కంగారేం లేదన్నాడు గానీ ఆయన గొంతులో కంగారుంది. భ్రమరాంబకు ఒళ్ళు మండిపోయింది. బీరువాపైన దుమ్ము పట్టిన తన కాగితాలు కళ్ళముందు కనపడ్డాయి. ఆ కాగితాల్లో ఉన్నది నిజం. దాన్ని చదవడానికి గంట కూడా పట్టదు. ఆ గంట కోసం రెండేళ్ళుగా తిరుగుతోంది. సరే, వాళ్ళకి కావలసింది ఆలస్యమే అయితే ఆలస్యంగానే ఇస్తానని పళ్ళు నూరుకుంది.

కమిటీ నివేదిక మీద జవాబివ్వడానికి ఇరవై రోజులిచ్చారు. ఆవిడ మూడు రోజుల్లో రాసి సొరుగులో పెట్టి తాళం వేసింది. గడువు దాటే రోజున సెలవు పెట్టింది. ఇంట్లో కూర్చోలేక కోర్టు క్యాంటీన్లో పొద్దుటినుంచి కూర్చుంది. మూడు సార్లు లేచి కిటికీవైపు రెండడుగులు వేసి, మళ్ళీ వచ్చి కూర్చుంది. సాయంత్రం కిటికీ మూశారు. ఆవిడ బతుకులో అదే మొదటి ఆలస్యం. ముప్ఫై రోజులు కిందామీదా పడి ఓర్చుకుని, ఏడో నంబరు ఫారంతో సహా వెళ్ళింది. యాదగిరి లేచి నిలబడి మరీ పుచ్చుకున్నాడు.

"ఇప్పుడు మంచిగున్నదమ్మా. అన్ని గడిలు నిండినయ్. కారణం ఏం రాసిండ్రు?"

ఆవిడ రాసింది ఒక్కటే వాక్యం. ఆలస్యంగా ఇస్తేగాని పుచ్చుకోరు కాబట్టి ఆలస్యం చేశాను అని. ఇంకోటి రాయడానికి చెయ్యి రాలేదు. పెట్టె పోయిందని రాయొచ్చు, జ్వరం వచ్చిందని రాయొచ్చు. రాలేదు మరి.

న్యాయమూర్తిగారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకున్నారు. మూడో ఉత్తర్వు కొంచెం నొచ్చుకున్న స్వరంతో వచ్చింది. ఆలస్యము తనంత తాను సంభవించవలెను గాని బుద్ధిపూర్వకముగా చేయబడరాదు, తెలిసి చేసిన ఆలస్యము ఎవరిదైనను, ఎప్పటికిని మన్నింపబడదు అని. ఆలస్యం లేకపోతే దాఖలు కాదు, కావాలని చేస్తే మన్నింపు లేదు. కోదండపాణి మెట్లు దిగుతూ, ఇక మన చేతుల్లో ఏమీ లేదమ్మా అన్నాడు. ఆవిడ ఆరోజు చీరాలకు ఫోన్ కూడా చెయ్యలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్ద కంపెనీ ప్రధాన కార్యాలయానికి ఓ కొత్త అధికారి వచ్చాడు. చురుకైనవాడు, ఫైళ్ళన్నీ చదివాడు. మన నిషేధం ప్రతిసారీ రెండు నెలలు గాల్లో వేలాడుతోందా అని గుండె బాదుకున్నాడు. ఇకమీదట పొడిగింపు పిటిషన్ ముగింపుకు నెల రోజుల ముందే పడాలని గట్టి ఆజ్ఞ పంపాడు. ఆయన ఆజ్ఞ ప్రకారం ఆరు పెట్టెల కాగితాలు రిజిస్ట్రీ కిటికీ ముందుకు చేరాయి.

యాదగిరి పెట్టెలన్నీ ఓపికగా విప్పాడు. ఏడో నంబరు ఫారం ఏదని అడిగాడు. లేదన్నారు. సున్నా ఎక్కదని చెప్పి, పెట్టెలను బీరువాపైన భ్రమరాంబ కాగితాల పక్కన సర్దించాడు.

ఢిల్లీ సీనియరు విమానం దిగి నేరుగా ధర్మాసనం ముందుకొచ్చాడు. గడువులోపల వచ్చినందుకు వెనక్కి పంపడం ఏ దేశపు న్యాయమని అడిగాడు. న్యాయమూర్తిగారు ఆశ్చర్యంగా చూశారు. ఈ న్యాయాన్ని తమరే కదా వాదించి సాధించారన్నారు. మొదటి ఉత్తర్వు తీయించి చదివించారు. గడువులోపల వచ్చిన ఏ కాగితమైనను అని అందులో స్పష్టంగా ఉంది. ఆలస్యం లేదని అఫిడవిట్ ఇవ్వాలి, దానికి ప్రతివాది జవాబివ్వాలి, కమిటీ వెళ్ళి పెద్ద కంపెనీ ప్రధాన కార్యాలయంలోని గడియారాన్ని పరిశీలించాలి. ప్రయాణం విదేశానికని తెలిసి కమిటీ సభ్యులు ముగ్గురూ అప్పుడే పాస్‌పోర్టుల గురించి గుసగుసలు మొదలుపెట్టారు.

సీనియరు నుదురు తుడుచుకున్నాడు. అలాగైతే ఈ పిటిషన్ వెనక్కి తీసుకుని రెండు నెలలు ఆగి వస్తామన్నాడు. తెలిసి చేసిన ఆలస్యానికి మన్నింపు లేదని మూడో ఉత్తర్వులో రాశామనీ, ఎవరిదైనను అన్నామనీ న్యాయమూర్తిగారు గుర్తుచేశారు. నిషేధం ఇరవై రోజుల్లో ముగుస్తోందని సీనియరు ఇంచుమించు బతిమాలాడు. కనీసం ప్రతివాదిని వెంటనే జవాబివ్వమనండి అన్నాడు.

ధర్మాసనం కోదండపాణి వైపు చూసింది. జవాబుకు ఎంత గడువు కావాలని అడిగింది. ఆయన వెనక్కి తిరిగి భ్రమరాంబను చూశాడు. ఇప్పుడే ఇచ్చేస్తానంటుందేమోనని ఆయనకు భయం.

"మాకు సమానమైన ఆలస్యపు హక్కుందని మొదటి ఉత్తర్వులో రాశారండీ. అది ఇంతవరకూ వాడుకోలేదు" అంది ఆవిడ. "పదకొండు నెలలు ఇప్పించండి."

ఇన్నాళ్ళకు ఈమెకు న్యాయం అర్థమైందని న్యాయమూర్తిగారు సంతోషించి, అడిగినంతా ఇచ్చారు.

ఇరవయ్యో రోజున నిషేధం ముగిసింది. జవాబు పడేదాకా పొడిగింపు కాగితాలు బీరువా దిగే దారి లేదు కాబట్టి, ఈసారి చిన్న కంపెనీకి అమ్మే ధైర్యం వచ్చింది. ఇరవై ఒకటో రోజు ఉదయం ఏడింటికి జీడిమెట్ల గేటులోంచి మొదటి లారీ బయటికి వెళ్ళింది. భ్రమరాంబ ఆ మధ్యాహ్నమే మాత్రల పెట్టె సంచిలో వేసుకుని రైలెక్కింది. బండి గంటన్నర ఆలస్యంగా నడిచింది. అయినా ఆవిడకు కోపం రాలేదు.

రాజ్యం వీధి గుమ్మంలోనే ఎదురొచ్చింది. పాదం మీద మచ్చ ఇంకా నల్లగా ఉంది. చెల్లెలు విప్పి ఇచ్చిన మాత్రను అరచేతిలో పెట్టుకుని, బావగారు గ్లాసు పట్టుకుంటే, ముక్క చెయ్యకుండా నిండుగా మింగింది. తర్వాత చీరచెంగుతో మూతి తుడుచుకుని, చెల్లెలి ముఖంలోకి చూసి అడిగింది.

"అయితే నీ మాటే నిజమని ఒప్పుకున్నారన్నమాట. కేసు గెలిచావా?"

"లేదక్కా" అంది భ్రమరాంబ. "నా కాగితాలు ఇంకా ఎవరూ విప్పి చూడలేదు."